కొంగ మెడ, క్రేన్ కాళ్లు

హన్మకొండలో ఈమధ్య ఒక పెళ్లి భోజనం అయ్యాక చేతిలో క్రేన్ వక్కపొడి పొట్లం పెట్టారు. అంచు చించగానే ఆ తియ్యటి వక్క వాసన ముక్కుకు తగిలింది. వెంటనే మా ఊరి అరుగు కళ్ల ముందుకొచ్చింది. పగటి బువ్వ తిని, చెంబుతో చేతులు కడుక్కొని, పెద్దవాళ్లంతా అక్కడే కూర్చునేవారు. గుంటూరు నుంచి వచ్చే ఈ పొట్లమే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయేది. పొట్లం మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని, "క్రేన్ అంటే ఏంది?" అని పిల్లలు అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు.

బడి సారు "కొంగ" అన్నాడు. కాజీపేట రైల్వేలో ఖలాసీగా చేసే పెద్దనాయిన "పట్టాలు దిగిన డబ్బాను లేపి మళ్ల పట్టాల మీద పెట్టేది" అన్నాడు. ఎండాకాలం బాయి పనికి వచ్చే మేస్త్రి నవ్వి, "రేపు మీ బాయికాడికి వస్తది, సూద్దువుగాని తీ" అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు. ఒక్క సారు మాటనే కొంచెం సరిచెయ్యాలి.

గోళ్లిచ్చే కొంగలు

సాయంత్రం చెరువు మీంచి తెల్లకొంగలు బారులు తీరి పోతుంటే పిల్లలం రెండు చేతుల గోళ్లూ పైకి చూపి ఊపేవాళ్లం. కొంగను గోళ్లడిగే ఆ పాట చాలా తెలుగు ఊళ్లలో ఉంది. మర్నాడు గోటి మీద తెల్ల చుక్క కనిపిస్తే అది కొంగ ఇచ్చిందే. గోటి మొదట్లో చిన్న దెబ్బ తగిలితే ఆ చుక్క వస్తుందని, గోరు పెరిగే కొద్దీ అదే ముందుకు జరిగి పోతుందని తర్వాత ఎప్పుడో తెలిసినా, పాట మీద ప్రేమ తగ్గలేదు.

మనం కొంగ అని పిలిచే పిట్టల్లో ఏదీ ఇంగ్లీషు లెక్కన క్రేన్ కాదు. నాగలి వెంట, బర్రె వీపు మీద తిరిగే సొంటి కొంగ ఈగ్రెట్. పక్కకు పోయేదాకా కదలకుండా ఉండి, లేవగానే తెల్లటి రెక్కలు విప్పే గుడ్డికొంగ హెరాన్. నారాయణపక్షి కూడా హెరానే. ముక్కు మధ్య సందుతో నత్తగుల్లలు ఏరుకునేది స్టార్క్. ఇంగ్లీషువాళ్లలో కూడా పల్లెటూళ్లలో హెరాన్‌నే క్రేన్ అనేసేవాళ్లున్నారు కాబట్టి తప్పంతా సారు మీద వెయ్యలేం.

అసలు క్రేన్‌ను గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు చాలు. ఎగిరేటప్పుడు హెరాన్, ఈగ్రెట్ మెడను ముడిచి భుజాల మధ్యకు లాక్కుంటాయి. క్రేన్ మెడను బాణంలా ముందుకు సాచి ఎగురుతుంది. స్టార్క్ కూడా మెడ సాచే ఎగురుతుంది, అందుకే రెండో ఆనవాలు కావాలి. అది కాలిలో ఉంది. మన కొంగలు చింతచెట్టు మీద, తుమ్మచెట్టు మీద గుంపుగా గూళ్లు పెడతాయి, ఎందుకంటే వాటి వెనక వేలు పొడుగ్గా ఉండి కొమ్మను పట్టుకుంటుంది. మన దేశంలో కనిపించే క్రేన్‌లకు ఆ వెనక వేలు చిన్నది, నేలకు కాస్త ఎత్తులో ఉంటుంది, కొమ్మను పట్టదు. అందుకే అవి చెట్టెక్కవు. నేల మీద, నీటి అంచున గూడు కడతాయి. నిఘంటువుల్లో బెగ్గురు అనే పాత తెలుగు మాట ఉంది, సారసం అని సంస్కృతం ఉంది. ఆ సారస్ క్రేన్ ఇంచుమించు మనిషెత్తు ఉంటుంది, ఎగిరే పక్షుల్లో అంత పొడగరి ఇంకోటి లేదు. ఉత్తరప్రదేశ్‌కు అది రాష్ట్ర పక్షి. మన పాకాల చెరువు కట్ట మీద నిలబడి చూస్తే కనిపించేవన్నీ కొంగలే.

కాజీపేట నీళ్ల కొంగ

బొగ్గు ఇంజన్లు నడిచే రోజుల్లో ప్లాట్‌ఫారం చివర ఒక ఇనుప స్తంభం, దాని తలమీద అటూ ఇటూ తిరిగే అడ్డచెయ్యి, చెయ్యి చివర వేలాడే గొట్టపు సంచి ఉండేవి. మన రైల్వేవాళ్లు దాన్ని వాటర్ కాలమ్ అనేవారు. ఇంగ్లీషులో దానికి వాటర్ క్రేన్ అని ఇంకో పేరుంది. ఆ పేరు దానికి భలే కుదిరింది, ఎందుకంటే అది నీళ్లు కక్కే కొంగలాగే ఉండేది.

ఇంజన్ వచ్చి సరిగ్గా దాని పక్కన ఆగాలి. ఫైర్‌మన్ ఇంజన్ వెనక నీళ్లు, బొగ్గు మోసే టెండర్ ఎక్కి, మూత తీసి, గొలుసుతో చెయ్యిని తనవైపు గుంజి, సంచి మూతిని కంతలో పెట్టి కేకేస్తాడు. కిందివాడు చక్రం తిప్పుతాడు. పెద్ద ఇంజన్ టెండర్‌లో దాదాపు 5 వేల గ్యాలన్లు పట్టేవి. నిండుతున్న కొద్దీ చప్పుడు మారేది. మొదట ఖాళీ గాబులో పడ్డట్టు డబడబలాడి, నిండేసరికి గొంతు పూడినట్టు మెత్తబడేది. తెలిసినవాళ్లు చూడకుండానే, ఆ చప్పుడును బట్టి చక్రం కట్టడం మొదలుపెట్టేవారు. చక్రాన్ని మెల్లగా కట్టాలి. ఒక్కసారి బిగిస్తే గొట్టం నిండా పరిగెత్తే నీళ్లు ఆగలేక వెనక్కి తన్ని, జాయింట్ల దగ్గర గొట్టాన్ని పగలగొడతాయి. ఇంకో జాగ్రత్త దానికన్నా ముఖ్యం. నీళ్లు పట్టాక చెయ్యిని పట్టాలకు సమాంతరంగా తిప్పి గొలుసేసి కట్టాలి. మరిచిపోతే అది పట్టాల మీదికి తిరిగి, వచ్చే బండికి తగులుతుంది.

పెద్దనాయిన చెప్పిన క్రేన్ వేరు. ప్రమాదం జరిగితే షెడ్డు సైరన్ మోగేది. ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకుంటూ, తింటున్న కంచం ముందు నుంచి లేచి చొక్కా తొడుక్కునేవారు. ప్రమాదం జరిగిన చోటికి పోయే రిలీఫ్ రైలు పగలైతే 30 నిమిషాల్లో, రాత్రయితే 45 నిమిషాల్లో కదలాలి. ఆవిరి క్రేన్ ఉన్న రోజుల్లో చల్లబడ్డ బాయిలర్ వేడెక్కడానికి గంటలు పట్టేది కాబట్టి దాని పొయ్యిలో ఎప్పుడూ కొంచెం నిప్పు ఉంచాల్సిందే. తర్వాత డీజిల్‌వి వచ్చాయి, 140 టన్నులవి. అలాంటివి బీహార్‌లోని జమాల్‌పూర్ వర్క్‌షాపులో తయారవుతాయి.

అందరూ క్రేన్ మెడను చూస్తారు. ఖలాసీలు మాత్రం కాళ్లే చూస్తారు. చోటికి పోగానే క్రేన్‌కు అటూ ఇటూ కాళ్లు బయటికి లాగి, వాటి కింద చెక్క స్లీపర్లు అడ్డంగా నిలువుగా పేర్చేవారు. కాళ్లు వేసి ఎత్తగలిగిన బరువు వేరు, కాళ్లు వెయ్యకుండా చక్రాల మీదే ఎత్తగలిగిన బరువు వేరు, రెండోది చాలా తక్కువ. నల్లరేగడి నేల పైకి గట్టిగా కనిపించినా బరువు పడగానే కుంగుతుంది. ఒక కాలు బెత్తెడు కుంగితే ఇక్కడ కొంచెమే వంగినట్టుంటుంది, పైన మెడ చివర మాత్రం బరువు అంతకన్నా చాలా ఎక్కువ బయటికి జరుగుతుంది. బరువు ఎంత దూరం జరిగితే అంత పడదోస్తుంది. అందుకే మొదట బెత్తెడే ఎత్తి ఆపేవారు. స్లీపర్లు ఎక్కడ నలుగుతున్నాయో, కిర్రుమంటున్నాయో నలుగురూ చుట్టూ తిరిగి చూశాకే తర్వాతి మాట. కరెంటు తీగలున్న లైనులో అయితే 25 వేల వోల్టుల సరఫరా తీయించి, తీగను భూమికి కట్టిందాకా మెడ లేపకూడదు.

కేకలు కూడా వేరే భాషలో ఉండేవి. ఎత్తడానికి "హాబేస్!", దించడానికి "ఆరియా!". ఆరియా అన్నది ఓడల మీద పనిచేసినవాళ్లు తెచ్చిన పోర్చుగీసు మాట, అక్కడ అర్రియార్ అంటే దించడం. సముద్రం మొహం చూడని కాజీపేటలో, అర్ధరాత్రి పెట్రోమాక్స్ వెలుగులో ఆ మాట వినిపించేది. ఇప్పుడు వాకీటాకీలొచ్చాయి.

స్లింగ్, అంటే బరువును కొక్కేనికి తగిలించే తాళ్ల సంగతి కూడా ఖలాసీలకు వేళ్ల మీద ఉండేది. ఒక టన్ను బరువును రెండు తాళ్లతో నిట్టనిలువుగా ఎత్తితే ఒక్కో తాడు మీద 500 కిలోలు. తాళ్లు నేలతో 60 డిగ్రీలు ఉండేలా విచ్చుకుంటే 577, 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలకు పడిపోతే ఒక్కో తాడూ మొత్తం టన్నూ మోస్తుంది. "తాళ్ల కాళ్లు చాపొద్దు" అనేవారు. పొట్టి తాడుతో సరిపెట్టుకున్న చోటే తాడు తెగేది.

పక్షి పాదం

ఇంగ్లీషు యంత్రానికి పక్షి పేరు వచ్చింది దాని మెడ పోలికతోనే. ఆ పోలిక ఇంగ్లీషువాళ్లకే తోచిందీ కాదు. గ్రీకులో గెరనోస్ అంటే పక్షీ, బరువులెత్తే యంత్రమూ. ఫ్రెంచిలో గ్రూ అన్నా అంతే. జర్మన్‌లో పక్షి క్రానిష్, యంత్రం క్రాన్. జెరేనియం మొక్క కాయ పక్షి ముక్కులా ఉంటుందని ఆ గ్రీకు మాటతోనే పేరు పెట్టారు. మెడ సాచి చూడటాన్ని ఇంగ్లీషులో క్రేన్ చేయడం అంటారు. మేడారం జాతరలో గద్దెల వైపు కదిలే జనం మెడలు చూస్తే ఆ క్రియ ఎలా పుట్టిందో అర్థమవుతుంది.

నాకు బాగా నచ్చేది పెడిగ్రీ అనే మాట. కుక్కలకూ గుర్రాలకూ వంశం చెప్పేటప్పుడు వాడే ఈ మాట పాత ఫ్రెంచి 'పే ద గ్రూ' నుంచి వచ్చింది, అంటే క్రేన్ పాదం. వంశవృక్షం రాసేటప్పుడు తండ్రి పేరు కింద నుంచి బిడ్డల పేర్లకు మూడు గీతలు దించితే అది బురదలో పక్షి వేసిన అడుగులా ఉంటుంది. మన లేఖకులకూ ఇలాంటి చూపే ఉండేది. రాతలో వదిలేసిన అక్షరాన్ని పైన చేర్చడానికి కింద పెట్టే గుర్తును హంసపాదు అన్నారు. అక్కడా సిరాలో కనబడింది పక్షి కాలే.

యంత్రం పేరుకు మాత్రం మనం కొంగను వాడలేదు. మాట తయారై వచ్చింది కాబట్టి అందులో పక్షి మనకు కనబడదు. నిజానికి మన ఏతం చూడండి. పొడుగాటి వాసం, ఒక కొసన వేలాడే బాన, రెండో కొసన రాయి బరువు, మధ్యలో మొగరం. వంగుతుంది, ముంచుతుంది, లేస్తుంది. క్రేన్‌కు ఉండాల్సినవన్నీ దానికి ఉన్నాయి. స్పెయిన్‌లో ఏతాన్ని స్టార్క్ పేరుతో పిలుస్తారు, వాళ్లకు అందులో కొంగ కనిపించింది.

బాయి క్రేన్

వరంగల్, నర్సంపేట, పరకాల వైపు పల్లెల్లో క్రేన్ అంటే అసలు బాయి క్రేనే. యాసంగి కోతలై, ఉగాది దాటి, బాయి అడుగున నీళ్లు బురదగా మారే వేళకు అది ఎడ్లబండి మీద ముక్కలుగా వచ్చేది, తర్వాత ట్రాక్టర్ ట్రక్కులో. దానితోపాటు వడ్డెర కుటుంబాలు వచ్చి చింతచెట్టు కింద వంటపొయ్యి పెట్టుకునేవి. పొద్దున్నే డీజిల్ ఇంజన్ డుగుడుగు బాయిలో పడి రెండింతలై ఊరిదాకా వినిపించేది.

మన దగ్గర పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. మొరం దాకా పలుగూ పారా చాలు. బండ తగిలిందంటే జంపర్‌తో కంతలు కొట్టి పేలుడు మందు పెట్టాల్సిందే. క్రేన్ పని ఆ తర్వాత, పేలిన రాయిని పైకి తేవడం. నిలువు స్తంభం, దానికి కట్టిన చెయ్యి, చెయ్యి కొసన గిరక, వెనక ఇంజను, తాడు చుట్టుకునే డ్రమ్ము, క్లచ్చు, బ్రేకు. అంతకు మించి ఏమీ ఉండదు.

ముందు చూడాల్సింది చోటు. దరికి మరీ ఆనించి పెట్టకూడదు, ఎప్పుడో తవ్విపోసిన మట్టి దిబ్బ మీద అసలే పెట్టకూడదు. మంచి మేస్త్రి దరి చుట్టూ తిరిగి గడ్డపారతో పొడిచి చూసి, మొరం తగిలిన వైపే కాళ్లు పాతించేవాడు. రైతు "ఇటు పెడితే నాకు చేన్లోకి రాళ్లు రావు పటేలా" అని బతిమాలినా వినేవాడు కాదు. దరి తడిగా ఉన్నా, మోటారు గొట్టం కారుతున్నా ఆ పక్కకు పోడు.

తర్వాత వెనక బరువు. ఖాళీ బకెట్టు 80 కిలోలు, అందులో పట్టే పగిలిన రాయి 320 కిలోలు అనుకుందాం. ఘనమీటరు పగిలిన రాయి దాదాపు 1,600 కిలోలు తూగుతుంది కాబట్టి ఇది ఘనమీటరులో ఐదో వంతు. మొత్తం 400. ముందు కాలు నుంచి బకెట్టు వేలాడే చోటికి 4 మీటర్లు, వెనక రాళ్ల బరువుకు 2 మీటర్లు ఉంటే, సరితూగడానికే వెనక 800 కిలోలు కావాలి. సరితూగితే చాలదు. క్లచ్చు గుంజినప్పుడు కుదుపు ఉంటుంది, తడిసిన రాయికి నీటి బరువు తోడవుతుంది, బకెట్టు గోడ రాయికి తట్టుకొని ఆగుతుంది. అందుకని 1,200 కిలోలకు తగ్గకుండా పెట్టాలి. ఇసుక సంచులైతే రోజూ పొద్దున చూడాలి. సంచి చిరిగి ఇసుక కారిపోయినా పైకి నిండుగానే కనిపిస్తుంది. తూకం తెలిసిన బండరాళ్లు మేలు.

తాడు తెగినా ప్రాణాలు పోతాయి. 12 మిల్లీమీటర్ల ఇనుప తాడు ఇంత బరువును సులువుగా మోస్తుంది. కొత్త తాడు బరువుకు తెగదు, గిరక చిన్నదైతే తెగుతుంది. గిరక పల్లం దగ్గర అడ్డకొలత తాడు మందానికి 18 నుంచి 20 రెట్లు ఉండాలి, అంటే 22, 24 సెంటీమీటర్లు. చేతికి దొరికిందని పాత మోటారు పుల్లీ తగిలిస్తే తాడు ప్రతిసారీ గట్టిగా మడత పడి, లోపలి తీగలు ఒక్కొక్కటే విరుగుతాయి. ఆరు పురులు, పురికి 19 తీగలు, మొత్తం 114. ఎక్కడైనా పది సెంటీమీటర్ల పొడుగులో 11 తీగలు విరిగి కనిపిస్తే ఆ తాడు పని అయిపోయినట్టే. మేస్త్రి పొద్దున్నే గోనెపట్ట చేతికి చుట్టుకొని తాడును అందులోంచి గుంజించేవాడు. విరిగిన తీగ ఉంటే పట్టకు పట్టుకునేది. బరువు ఒక్కసారిగా ఊడిపోతే పురులు విచ్చుకొని పంజరంలా ఉబ్బుతాయి. ఇంగ్లీషులో దాన్నీ పిట్ట పంజరం అనే అంటారు, బర్డ్‌కేజ్. అలా ఉబ్బిన చోటును సుత్తితో కొట్టి సర్దితే కుదరదు, దాన్ని కోసి పారేయాలి.

కొక్కెం దగ్గర తాడును మలిచి కట్టే క్లిప్పులు కనీసం మూడు ఉండాలి, ఒకదానికీ ఇంకోదానికీ ఏడు సెంటీమీటర్ల ఎడం. బరువు మోసే తాడు మీద క్లిప్పు వెడల్పు జీను రావాలి, కోసిన కొస మీద వంపు బోల్టు రావాలి. తిరగేస్తే బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది. మొదటి బకెట్టు ఎత్తాక నట్లు మళ్లీ బిగించాలి, ఎందుకంటే బరువు పడగానే తాడు సన్నబడుతుంది. బకెట్టు అడుగుకు దిగాక కూడా డ్రమ్ము మీద రెండు మూడు చుట్లు మిగలాలి. లేకపోతే తాడు కొసను పట్టుకున్న చిన్న బిగింపు మీదే మొత్తం భారం పడుతుంది. ఆ చుట్లు వచ్చే చోట తాడుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టేవారు. పీలిక కనిపిస్తే ఇక ఇడువొద్దు.

ఇంజన్ దగ్గరివాడికి బాయి అడుగు కనిపించదు. దరి మీద ఒకడు నిలబడి, కిందికీ ఇటూ చూస్తూ, "గుంజూ..." "ఇడువు... మెల్లగ ఇడువు..." అని కేక పెట్టేవాడు. రైల్వేవాళ్ల హాబేస్, ఆరియాలకు బాయి దగ్గర ఇవే మాటలు. గుంజు అనే హక్కు ఆ ఒక్కడిదే. "ఆగు" మాత్రం ఎవరైనా అనొచ్చు, చిన్న పిల్లాడు అన్నా ఇంజన్ ఆగాల్సిందే. బకెట్టును అంచుకు బెత్తెడు తక్కువగా నింపాలి. పైకి పొడుచుకొచ్చిన రాయి ఒక్కటి గోడకు తట్టి జారినా కింద తల పగులుతుంది. జానెడు లేపి ఊగులాట ఆగేదాకా నిలిపి, "పైలం!" అని కేకేశాక, కిందివాళ్లంతా ఎదుటి గోడకు ఆనుకున్నాకే మిగతా ఎత్తు.

పొద్దుగూకే వేళ అలసిన కాళ్లకు మెట్లు బరువనిపిస్తాయి. బకెట్టులో కూర్చొని పైకి రావడం, పొద్దున అందులోనే దిగడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ క్రేన్ రాళ్ల కోసం చేసింది. దాని బ్రేకు పట్టీ మీద రెండు చుక్కల నూనె పడితే చాలు, జారుతుంది. రాళ్ల బకెట్టు జారితే మళ్లీ నింపుకోవచ్చు. బాయి పనిలో పోయినవాళ్లలో ఎందరో అలా బకెట్టులో ఉండగా పోయినవాళ్లే, ఇంటికి పోయే వేళ పోయినవాళ్లే. ఆ తలపు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇంకో మృత్యువు కంటికి కనబడదు. నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజన్‌ను బాయిలోపల మెట్టు మీద పెడితే దాని పొగ అడుగున నిలుస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, దీపం దింపి చూసినా తెలియదు, దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఎప్పుడూ దరి మీదే ఉండాలి.

తర్వాత బోరు బండ్లు వచ్చాయి. వందల అడుగుల లోతుకు ఒక్క రాత్రిలో దిగే బోరు ముందు నెలరోజుల బాయి పని నిలవలేదు. చాలా బాయిలు ఎండి, తుమ్మలు మొలిచి, చెత్త గుంటలయ్యాయి. క్రేన్లను పాత ఇనుప సామానువాళ్లు కిలోల లెక్కన కొనుక్కుపోయారు. గిరకలు మాత్రం కొన్ని ఇళ్లలో చేదబాయిల మీద ఇంకా తిరుగుతున్నాయి.

గాలికి తిరిగేది

ఇప్పుడు హన్మకొండలో అపార్టుమెంట్లు లేచే చోట టవర్ క్రేన్లు కనిపిస్తాయి. పెళ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒకటి ఉంది. రాత్రి పని లేదు, పైన గదిలో దీపం లేదు, అయినా దాని పొడుగాటి చెయ్యి మెల్లగా తిరుగుతూ ఉంది. కారులో ఉన్న మేనకోడలు భయపడి, "ఎవరూ లేకుండనే తిరుగుతుంది మామా" అంది.

దాన్ని అలా వదిలే పోతారు. పని ముగించేటప్పుడు బరువు తీసేసి, కొక్కేన్ని పైకి లాగి, తిప్పే బ్రేకును కావాలనే విడిచిపెడతారు. గాలి ఎటు వీస్తే చెయ్యి అటు తిరిగి గాలివాలుకు నిలుస్తుంది, అప్పుడు గాలికి తగిలే మేర తక్కువ. బ్రేకు బిగించి పోతే ఈదురుగాలి చెయ్యికి అడ్డంగా కొట్టి మొత్తం క్రేన్‌నే పడగొట్టగలదు. చెరువు కట్ట మీద కొంగలు కూడా గాలి లేచినప్పుడు ఒక్కొక్కటే కదిలి, కాసేపటికి అన్నీ ముక్కులు గాలివైపే పెట్టి నిలబడతాయి. ఈకల్లోకి గాలి దూరకుండా. ఆ సంగతి చెబితే అమ్మాయి వెనక్కి తిరిగి, మలుపు దాటేదాకా మెడ సాచి దాన్నే చూసింది.